ప్రయాణికులు లేని జిల్లా

"ఈ క్షణం నుంచి మన జిల్లాలో ప్రయాణికుడు అనేవాడు ఒక్కడు కూడా ఉండడు!"

గోంత్రాన్ దెల్పెరూ గారు ఈ మాట ప్రకటించగానే సాంతావెల్ ఊరి సభామందిరం చప్పట్లతో మారుమోగింది. దెల్పెరూ గారు జిల్లా మండలి ఉపాధ్యక్షులు. రవాణా శాఖ, పర్యాటక శాఖ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఒకే మనిషికి రెండు శాఖలు అప్పగిస్తే ఏదో ఒకటి మూలన పడుతుందని గిట్టనివాళ్ళు అన్నారు. ఆయన ఆ ప్రమాదం రానివ్వలేదు. రెండింటినీ కలిపేశారు.

"ప్రయాణికుడంటే ఎవరు? ఎక్కడికో పోవాలని తొందరపడేవాడు. కిటికీలోంచి బయటికి చూడనివాడు. మన పల్లెల అందాన్ని రోజూ అవమానించేవాడు! ఇక మీదట మన జిల్లాలో బస్సెక్కిన ప్రతి మనిషీ సందర్శకుడే!"

మళ్ళీ చప్పట్లు. మూడో వరసలో ఉన్న ఆర్లెట్ వెసియేర్ కూడా కొట్టింది. ఆమెకు డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై ఒక్కేళ్ళు ఈ కొండల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మి రెండేళ్ళవుతోంది. వేదిక మీద ఆమెకు కనపడుతున్నది నీలం రంగు మసక ఒకటి. ఆ మసకకు మంచి గొంతు ఉంది.

"ఏమంటున్నాడే?" అని పక్కనున్న జిల్‌బెర్త్‌ను అడిగింది. జిల్‌బెర్త్ ఆమెతో కలిసి బడికెళ్ళిన మనిషి. ఊరి చివర మేకలు పెంచుతుంది.

"పద్నాలుగో నంబరు బస్సు తీసేశాడట."

ఆర్లెట్ చేతులు దించేసింది.

పద్నాలుగో నంబరు బస్సు బుధవారం, శనివారం పొద్దున్న ఎనిమిదింటికి సాంతావెల్‌లో బయలుదేరి ముప్ఫై అయిదు నిమిషాల్లో బ్రెసాక్ పట్నం చేరేది. ఆసుపత్రి, పళ్ళ డాక్టరు, పన్నుల ఆఫీసు, వృద్ధాశ్రమం అన్నీ అక్కడే. ఊళ్ళో ఉన్న ఒక్క టాక్సీ వారమంతా డయాలసిస్ వాళ్ళను తిప్పడానికే చాలదు. ఆర్లెట్‌కు ఏప్రిల్ పదిహేను, బుధవారం, పదకొండు నలభైకి బ్రెసాక్ ఆసుపత్రిలో కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. దానికోసం తొమ్మిది నెలలు ఎదురు చూసింది.

ప్రశ్నలు అడగవచ్చన్నారు. ఆమె లేచి నిలబడింది.

"మొస్యూ దెల్పెరూ గారూ, ఏప్రిల్ పదిహేనున ఎనిమిదింటి బస్సు ఉంటుందా, ఉండదా?"

"మదాం, మీరింకా బస్సు దగ్గరే ఆగిపోయారు."

"ఆగిపోయింది నేను కాదండీ, బస్సు."

వెనక వరసల్లో నవ్వులు వినబడ్డాయి. దెల్పెరూ గారు కూడా నవ్వారు. విమర్శను చిరునవ్వుతో స్వీకరించడం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

"బస్సు ఎక్కడికీ పోలేదమ్మా. అదే బస్సు, అదే డ్రైవరు. కాకపోతే ఇప్పుడది 'గ్రూప్ ఫ్రెండ్లీ పల్లె విహారం'. పదిహేను మంది గ్రూపుగా ఏర్పడి పది రోజుల ముందు పేర్లిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. దారిలో నాలుగు దర్శనీయ స్థలాలు. చివర బ్రెసాక్‌లో నలభై నిమిషాల స్వేచ్ఛా సమయం. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో చెప్పడానికి ఆర్లెట్ నోరు తెరిచింది. ఈలోపు అక్రోటుకాయల వైన్ పోస్తున్నామని ప్రకటించారు. సభ ముగిసింది.

*

ఆదివారం మధ్యాహ్నం జిల్‌బెర్త్ వంటింట్లో పదిహేను మంది పోగయ్యారు. కుర్చీలు చాలక నలుగురు నిలబడే కాఫీ తాగారు. అందరికీ పట్నంలో పని ఉంది. ఒకరు పన్ను పీకించుకోవాలి. ఒకరు కుట్టు మిషను బాగు చేయించుకోవాలి. ఒక దంపతులు విడాకుల లాయరును కలవాలి. వాళ్ళు బల్లకు చెరో చివర కూర్చున్నారు. వడ్రంగం మానేసిన ఫిర్మాన్‌కు మాత్రం ప్రతి బుధవారమూ పనే. అతని భార్య పోలెట్ వృద్ధాశ్రమంలో ఉంది. మనుషుల్ని మరిచిపోయే జబ్బు. ఫిర్మాన్‌ను ఇంకా మరిచిపోలేదు. వారం తప్పితే మరిచిపోతుందేమోనని అతని భయం.

గ్రూపుకు ఒక పేరు, ఒక ఆశయం, ఒక అధ్యక్షుడు ఉండాలని దరఖాస్తులో ఉంది.

"పేరేం పెడదాం?" అంది జిల్‌బెర్త్, కళ్ళజోడు సవరించుకుని.

"'బస్సు కావాల్సినవాళ్ళ సంఘం' అని పెట్టు," అన్నాడు ఫిర్మాన్.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. చూడ్డానికి పోతున్నట్టుండాలయ్యా. 'పురాతన పావురాల గూళ్ళ అభిమాన సంఘం' అని రాస్తున్నా."

"నాకు పావురాలంటే పడదు. పైకప్పంతా పాడు చేస్తాయి."

"పావురాలను కాదులే, గూళ్ళను అభిమానించు. గూళ్ళు నిన్నేం చేశాయి?"

అధ్యక్షురాలిగా ఆర్లెట్‌ను ఎన్నుకున్నారు. ప్రభుత్వంలో పని చేసింది కాబట్టి ప్రభుత్వం మాట ఆమెకు అర్థమవుతుందని అందరి నమ్మకం. దరఖాస్తులో తర్వాతి ప్రశ్న, ఈ ప్రాంతాన్ని ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా అని.

"పుట్టిందే ఇక్కడని రాయవే," అంది ఆర్లెట్.

"'చూడలేదు' అని రాస్తా. ముందే చూసినవాళ్ళకు ఈ పథకం వర్తించదట. అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది."

"అంటే నా ఊరు నేను చూడలేదా?"

"ఈ మధ్య నీకేం కనబడుతోంది గనక? అబద్ధమేం కాదులే," అంది జిల్‌బెర్త్. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని చూపించింది.

*

ఏప్రిల్ పదిహేనున బస్సు సరిగ్గా ఎనిమిదింటికి వచ్చింది. డ్రైవరు ఒదిలోన్ తల మీద గడ్డి టోపీ ఉంది. ఇరవై ఆరేళ్ళుగా పద్నాలుగో నంబరు నడిపిన మనిషి. ఆ ఇరవై ఆరేళ్ళలో అతను మాట్లాడిన మాటలు ఒక పోస్టుకార్డు మీద రాయొచ్చు. ఇప్పుడు రెండు రోజుల శిక్షణ ఇచ్చి అతన్ని 'సారథి-కథకుడు'గా మార్చారు. చొక్కాకు ఒక మైకు తగిలించారు.

"సందర్శకులకు స్వాగతం," అని ఒదిలోన్ చేతిలోని కాగితం చూసి చదివాడు. పక్కకు తిరిగి గొంతు తగ్గించి, "మదాం, జాగ్రత్త, మెట్టు ఎత్తుగా ఉంది," అన్నాడు. అది కూడా మైకులో వినబడింది.

బస్సు కదిలింది. చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి బయలుదేరిన చోటే ఆగింది.

"మొదటి దర్శనీయ స్థలం, సాంతావెల్ గ్రామం," అన్నాడు ఒదిలోన్. "ఇరవై అయిదు నిమిషాలు. దయచేసి దిగండి."

"ఇప్పుడే కదయ్యా ఎక్కాం!"

"దిగకపోతే పత్రం మీద ముద్ర పడదండీ. ముద్ర పడకపోతే బస్సు కదలకూడదు. నా చేతుల్లో ఏముంది?"

దిగారు. ఒదిలోన్ వాళ్ళను వరసగా నడిపించి ఆర్లెట్ ఇంటి ముందు నిలబెట్టాడు.

"ఇది పదిహేడో శతాబ్దపు రైతు గృహం. గోడల మందాన్ని గమనించండి. ఆనాటి జనం చలికి తట్టుకోవడానికి..."

"ఒదిలోన్! డెబ్భై ఒకటిలో మా ఆయన కట్టాడు దాన్ని. నువ్వు ఇటుకలందించావు!"

"గుర్తుంది మదాం. కాగితంలో ఇలా ఉంది." అతను టోపీ తీసి నుదురు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆనాటి జనం చలికి తట్టుకోవడానికి పశువులను కూడా ఇంట్లోనే కట్టేసుకునేవారు."

"మా ఆయన గురించేనా?" అంది ఆర్లెట్. ఫిర్మాన్ పగలబడి నవ్వాడు.

రెండోది పావురాల గోపురం. అందులో ఉన్న గూళ్ళు వెయ్యీ రెండొందలు. సంఘం పేరు చూసి పర్యాటక శాఖవారు అక్కడ పది నిమిషాలు అదనంగా ఇచ్చారు. మూడోది మేకల దొడ్డి. బస్సు ఆగగానే జిల్‌బెర్త్ అందరికంటే ముందు దిగి పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. మూడు నిమిషాల తర్వాత నడుముకు తెల్లగుడ్డ కట్టుకుని బయటికి వచ్చింది.

"దూరప్రాంతాల నుంచి వచ్చిన అతిథులకు మా దొడ్డికి స్వాగతం!"

అతిథులు కనీసం ఒక ప్రశ్న అడగాలని నియమం. ఎవరూ నోరు మెదపలేదు. ఒదిలోన్ ఫిర్మాన్ వైపు దీనంగా చూశాడు.

"మీ దగ్గర మేకలెన్ని ఉన్నాయండీ?" అన్నాడు ఫిర్మాన్.

"మొన్ననేగా చెప్పా, ముప్ఫై ఒకటని! రెండోదాని కాలికి కట్టు కట్టింది నువ్వే కదా!"

"అతిథితో అలాగేనా మాట్లాడేది?"

"ముప్ఫై ఒకటండీ," అంది జిల్‌బెర్త్ పళ్ళ బిగువున. అందరికీ తలా ఒక జున్నుముక్క పెట్టింది. పత్రం మీద ముద్ర కొట్టింది. తెల్లగుడ్డ విప్పి గోడ మేకుకు తగిలించి వచ్చి బస్సులో కూర్చుంది.

ఇంతవరకూ అంతా సమయానికే నడిచింది. తేడా వచ్చింది నాలుగోచోట, అక్రోటు నూనె గానుగ దగ్గర. గానుగ యజమాని పదకొండేళ్ళ కిందట గ్రూపుల కోసం ఒక ప్రసంగం రాసుకున్నాడు. పదకొండేళ్ళలో ఒక్క గ్రూపూ రాలేదు. ఈ పదిహేను మందికీ నెలనెలా నూనె పోసేది ఆయనే. అయినా వాళ్ళు బస్సులో దిగేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. కోటు తొడుక్కుని వచ్చి రోమన్ల కాలం నుంచి మొదలుపెట్టాడు. నలభై నిమిషాలకు మధ్యయుగాలకు వచ్చాడు. ఆర్లెట్ చేతి గడియారాన్ని కంటికి ఆనించుకుని చూసుకుంది. ఆపమని చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన గొంతులో వణుకు విని మానుకుంది.

బ్రెసాక్ చేరేసరికి పన్నెండుంబావు.

"మీ అపాయింట్‌మెంట్ పదకొండు నలభైకి కదమ్మా," అంది ఆసుపత్రి కౌంటరులో ఉన్నామె.

"విహారయాత్రలో ఆలస్యమైందమ్మా."

"ఓహో." కౌంటరామె ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "కంటి వైద్యం కన్నా మీకు విహారయాత్ర ముఖ్యమైతే మేమేం చేస్తాం? సెప్టెంబరు ఇరవై మూడు ఉంది, రాసుకోమంటారా?"

"అయిదు నెలలా?"

"మీరే అదృష్టవంతులు. మీ వెనకామెకు నవంబరు."

ఫిర్మాన్ వృద్ధాశ్రమానికి చేరేసరికి పోలెట్‌ను భోజనానంతరం నిద్రకు తీసుకెళుతున్నారు. తలుపు మూసేలోగా అతను చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. తననే చూసి ఊపిందా, ఊరికే ఊపిందా అని తిరుగు ప్రయాణమంతా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

దిగేముందు ఒదిలోన్ అభిప్రాయ పత్రాలు పంచాడు. అందులో మూడు గళ్ళున్నాయి. తృప్తి కలిగింది. చాలా తృప్తి కలిగింది. పరవశించాము.

"కలగలేదు అనే గడి ఎక్కడుందయ్యా?"

"లేదండీ. నేనూ వెతికాను," అన్నాడు ఒదిలోన్. "తృప్తి కలిగింది అన్నదాని మీద గీత పెడితే మందలింపుగా తీసుకుంటారట."

పదిహేను మందీ దాని మీదే గీత పెట్టి దెల్పెరూ గారిని గట్టిగా మందలించారు.

*

జూన్ నాటికి పల్లె విహారం విజయం గురించి జిల్లా పత్రికలో మొదటి పేజీలో పడింది. గత ఏడాది సాంతావెల్‌ను దర్శించిన గ్రూపు సందర్శకులు సున్నా. ఈ ఏడాది పథకం మొదలై మూడు నెలలు తిరక్కముందే అయిదొందల ఎనభై. అంకెలు అబద్ధం చెప్పవు. ఆర్లెట్ ఒక్కతే తొమ్మిదిసార్లు సందర్శించింది. పంటినొప్పి ఉన్నవాడు పదకొండుసార్లు.

పావురాల గూళ్ళ అభిమాన సంఘం జిల్లాలోకెల్లా ఉత్సాహవంతమైనదని తేలింది. ఇంత అభిమానం చూసి ఉండబట్టలేక దెల్పెరూ గారు స్వయంగా ఒక బుధవారం గోపురం దగ్గర వాళ్ళను కలుసుకున్నారు. వెంట ఒక ఫొటోగ్రాఫరు. ఆయన అందరికీ కరచాలనం చేసి ఆర్లెట్ ముందు ఆగారు.

"అధ్యక్షురాలు మీరేనా మదాం? ఎక్కడి నుంచి వచ్చారు?"

"సాంతావెల్ నుంచి."

"అవును, ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నారు, కాగితంలో ఉంది. అసలు ఊరేది?"

"సాంతావెలేనండీ."

దెల్పెరూ గారు రెండు క్షణాలు ఆలోచించారు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా!" అని ఫొటోగ్రాఫరు భుజం తట్టారు. "మన పల్లె ఎంత నచ్చిందంటే అక్కడే స్థిరపడిపోయారు!"

"మొస్యూ, నేను డెబ్భై నాలుగేళ్ళ కిందట స్థిరపడ్డాను."

"ఇంకేం కావాలి దీనికన్నా! చెప్పండి మదాం, యాత్రలో ఏ లోటైనా ఉందా? మొహమాటపడకండి. సందర్శకుల మాటే మాకు శాసనం."

ఆర్లెట్ ఈ అవకాశం కోసం రెండు నెలలుగా మాటలు కూర్చుకుంటోంది. ఫిర్యాదులా ఉంటే వినడని జిల్‌బెర్త్ ముందే హెచ్చరించింది. అందుకని ఆమె ఉత్తరాల సంచీ మోసిన రోజుల్లోలా నిటారుగా నిలబడి మెత్తగా చెప్పింది.

"ఏ లోటూ లేదండీ. ఒక్కటే మనవి. మాకు ఆసుపత్రి దగ్గర ఇంకాస్త సమయం కావాలి."

"ఆసుపత్రా?"

"బ్రెసాక్ ఆసుపత్రి. అక్కడికి కాస్త ముందుగా చేరాలి, కనీసం ఒక గంటసేపు ఉండాలి. మా సంఘం అందరి కోరికా అదే."

"అవునండీ," అంది జిల్‌బెర్త్. "అవును," అన్నాడు పంటినొప్పి ఉన్నవాడు. "వృద్ధాశ్రమం కూడా," అన్నాడు ఫిర్మాన్, కానీ అప్పటికే ఫొటోగ్రాఫరు అందరినీ దగ్గరగా జరగమంటున్నాడు.

దెల్పెరూ గారు కదిలిపోయారు. అది పైకి కనబడింది. "ఇంతకాలం మేము కోటలూ గోపురాలూ అంటూ తిరిగాం. ప్రజల మనసులో ఏముందో మీరు చెప్పేదాకా తెలియలేదు. మదాం, మాటిస్తున్నాను. సెప్టెంబరు నాటికి జరిగి తీరుతుంది."

ఆ బుధవారం బస్సులో పండగలా ఉంది. విడాకుల దంపతులు కూడా పక్కపక్కన కూర్చుని ద్రాక్షపళ్ళు పంచుకున్నారు. తర్వాత లాయరు దగ్గరికి మామూలుగానే వెళ్ళారు.

"గట్టిదానివేనే! ఎలా ఒప్పించావే వాణ్ణి?" అంది జిల్‌బెర్త్.

"ఒప్పించడమేముంది, మర్యాదగా అడిగితే మనుషులు వింటారు," అంది ఆర్లెట్. వింటాడని ఆమె కూడా అనుకోలేదు.

*

దెల్పెరూ గారు మాట తప్పే మనిషి కారు. సెప్టెంబరులో కొత్త పట్టిక వచ్చింది. జిల్‌బెర్త్ దాన్ని ఆర్లెట్‌కు రెండుసార్లు చదివి వినిపించింది. గానుగ దగ్గర సమయం సగానికి తగ్గించారు. అయిదో దర్శనీయ స్థలం బ్రెసాక్ ఆసుపత్రి, పది నలభై అయిదు నుంచి పదకొండు నలభై అయిదు దాకా.

"పదకొండు నలభైకి నీ డాక్టరు! నీ కోసమే కొలిచి కుట్టినట్టుంది!"

ఇరవై మూడో తారీకున ఆర్లెట్ నీలం కోటు వేసుకుంది. పెళ్ళిళ్ళకు తప్ప దాన్ని బయటికి తీయదు. డాక్టరు కోసం రేగుపళ్ళ మురబ్బా ఒక సీసా సంచీలో పెట్టుకుంది. దారిలో సొంత ఇంటిని, పావురాల గూళ్ళను, మేకలను, గానుగను చూసింది. గానుగ యజమాని రోమన్లను వదిలేసి నేరుగా మధ్యయుగాల్లో మొదలుపెట్టినందుకు ఆయనకు షేక్‌హ్యాండిచ్చింది.

పది నలభై అయిదుకు బస్సు ఆసుపత్రి ముందు ఆగింది. ఒదిలోన్ కొత్త పేజీ తెరిచాడు. ఆ పేజీ అతనికి ఆ పొద్దున్నే చేతికిచ్చారు. మొదటి వాక్యం కళ్ళతో చదువుకుని, పైకి చదవకుండా ఆగిపోయాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు ఫిర్మాన్.

"దిగండి. లోపల చదువుతా."

లోపల వరండాలో వెనకటి మందుల వాసన రాలేదు. కొత్త రంగు వాసన వచ్చింది. కౌంటరు దగ్గర మనిషి లేదు. దాని మీద రంగురంగుల పోస్టుకార్డులు పేర్చి ఉన్నాయి. ఆర్లెట్ వాటిని చేత్తో తడిమి చూసి, చీటీలనుకుని ఒకటి తీసుకుంది. ఒదిలోన్ వాళ్ళను కుడివైపు మూడో గదిలోకి తీసుకెళ్ళాడు. గది మధ్యలో కుర్చీ, దాని ముందు గడ్డం ఆనించే పరికరం, గోడకు అక్షరాల పట్టిక. కుర్చీ చుట్టూ ఎర్రటి పట్టుతాడు కట్టి ఉంది.

ఒదిలోన్ గొంతు సవరించుకున్నాడు.

"కంటి వైద్య విభాగం. ఇక్కడ పోయిన శతాబ్దం నుంచి మొన్న జులై దాకా మన జిల్లా ప్రజల కళ్ళు పరీక్షించేవారు. ఆనాటి వైద్యుడు వాడిన కుర్చీని మీరు చూడవచ్చు. ముట్టుకోరాదు."



"ఇప్పుడెక్కడ పరీక్షిస్తారు?" అంది ఆర్లెట్.

ఒదిలోన్ కాగితం తిరగేశాడు. "ఇక్కడికి తొంభై నాలుగు కిలోమీటర్ల దూరంలో పెద్ద ఆసుపత్రిలో. ఈ సంగతి రోగులందరికీ వాళ్ళ ఆన్‌లైన్ ఖాతాల్లో తెలియజేశారట మదాం."

"నాకు ఖాతా లేదుగా."

"అది కాగితంలో లేదండీ."

 ఆర్లెట్ సంచీని జిల్‌బెర్త్ చేతికిచ్చింది. పట్టుతాడును రెండు చేతులతో ఎత్తి, దాని కింద నుంచి వంగి లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుంది. గడ్డం పరికరం మీద ఆనించింది.

"మదాం, కూర్చోకూడదండీ," అన్నాడు ఒదిలోన్ నెమ్మదిగా.

"నాకు పదకొండు నలభైకి అపాయింట్‌మెంట్ ఉంది. కూర్చుంటా."

ఒదిలోన్ తలుపు వైపు చూశాడు. చొక్కాకున్న మైకు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. టోపీ కూడా తీసేశాడు. గోడ పక్కన గాజు పెట్టెలో ప్రదర్శనకు పెట్టిన చెక్కబద్దను బయటికి తీసి పట్టిక దగ్గరికి వెళ్ళి, పై వరసలో పెద్ద అక్షరం మీద ఆనించాడు.

"ఇదేంటో చెప్పండి మదాం."

"జెడ్."

"ఇది?"

"యు అనుకుంటా."

"అవును. దీని కింద?"

ఆమె చాలాసేపు చూసింది. "తెలుపు," అంది.

ఒదిలోన్ బద్ద దించలేదు. వెనక జిల్‌బెర్త్ ముక్కు చీదింది. పంటినొప్పి ఉన్నవాడు చొక్కా సర్దుకుని, మెల్లగా, ఆర్లెట్ తర్వాత వరసలో నిలబడ్డాడు. అతని వెనక ఫిర్మాన్ నిలబడ్డాడు.

అప్పుడే వరండాలో చాలా అడుగుల చప్పుడైంది. పల్లె విహారానికి మొట్టమొదటి నిజమైన గ్రూపు వచ్చింది. హాలెండు నుంచి ముప్ఫై ఇద్దరు. వాళ్ళకు దారి చూపిస్తూ దెల్పెరూ గారు ముందు నడుస్తున్నారు. గది గుమ్మంలో ఆయన ఆగిపోయారు. తాడు లోపల నీలం కోటు తొడుక్కుని ఒక ముసలామె కుర్చీలో కూర్చుని ఉంది. ఒకాయన బద్దతో అక్షరాలు చూపిస్తున్నాడు. వెనక జనం ఓపిగ్గా వరసలో నిలబడి ఉన్నారు.

హాలెండువాళ్ళు ఒక్క క్షణం చూసి, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

"అద్భుతం!" అన్నారు దెల్పెరూ గారు. ఆర్లెట్ దగ్గరికి వచ్చి వంగి, "మదాం, ఈ ఆలోచన మాకు రాలేదంటే సిగ్గుగా ఉంది. ప్రతి బుధవారం ఇలా వచ్చి కూర్చుంటారా?" అన్నారు.

ఆర్లెట్ పరికరం మీంచి గడ్డం ఎత్తలేదు.

"డాక్టరు వస్తాడా?"

"తప్పకుండా," అన్నారు దెల్పెరూ గారు. "మంచి నటుణ్ణి పెడతాం."

"కళ్ళలోకి దీపం వేసి చూడ్డం వచ్చినవాణ్ణి పెట్టండి," అంది ఆర్లెట్.

*

దెల్పెరూ గారు మాట నిలబెట్టుకున్నారు. అక్టోబరు నుంచి బుధవారం బుధవారం ఒక పెద్దమనిషి తెల్లకోటు తొడుక్కుని ఆ గదిలో కూర్చుంటున్నాడు. ఆయన ఇరవై ఏళ్ళు నాటకాల్లో రాజుల పాత్రలు వేసినవాడు. స్వరం గంభీరంగా ఉంటుంది, తొందరపడడు. ఆర్లెట్ గడ్డం పట్టుకుని రెండు కళ్ళలోకీ దీపం వేసి చాలాసేపు చూశాడు. ఎప్పటి నుంచి ఇలా ఉంది, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరున్నారు అని అడిగాడు. చివరకు పెద్దగా నిట్టూర్చి, "చూద్దామమ్మా," అన్నాడు. ఆమె మురబ్బా సీసా ఆయనకే ఇచ్చి వచ్చింది. తన మాట పూర్తిగా విన్న మొదటి డాక్టరు ఇతనేనని జిల్‌బెర్త్‌తో చెప్పింది.

ఈ మాట పాకి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వాళ్ళు కొత్తగా గ్రూపులు కట్టారు. ఏడాది నివేదికలో పరవశించామన్న గడి నూటికి నూరు శాతం నిండింది.

ఆ నటుడి దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికి ఇప్పుడు ఏడు నెలలు పడుతోంది.